దశమినాటి బిల్డ్

పట్టీ నా చేతిలోనే ఉంది. కామేశం బాబాయి మెడకి లేదు. అయినా కిటికీ దగ్గర స్టూలు మీదున్న పెట్టె, అచ్చం బాబాయి గొంతుతో, "తిన్నావా?" అని అడిగింది.

వంటింట్లోంచి రాజ్యం పిన్ని "ఆఁ, మీదయ్యాక తింటానండీ" అంది. ఆ గొంతులో కొత్త పెళ్ళికూతురి సిగ్గు.

బాబాయి మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నాడు. పట్టీ కింద చర్మం కందిందని పిన్ని అంటే, తుడిచి మందు రాద్దామని నేనే తీశాను. పట్టీ లేకుండా పెట్టె పలకదు. పలకకూడదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ పెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్ మా ల్యాబ్‌లోనే తయారైంది.

దాని పేరు 'పలుకు'. పక్షవాతంతో నోరు పడిపోయినవాళ్ళు మాట్లాడాలని గట్టిగా అనుకుంటే గొంతు నరాల్లో చిన్న కదలిక పుడుతుంది. మెడకి అంటించిన పట్టీ దాన్ని చదివి, మాటగా మార్చి, గాల్లోకి వదులుతుంది. పెట్టె అందుకుని పలుకుతుంది. పెళ్ళి వీడియోల్లోంచీ ఫోన్ మెసేజీల్లోంచీ ఏరి, ఆ మనిషి పాత గొంతే పెట్టెకి నేర్పుతాం. ఇందులో దాచిపెట్టిందేమీ లేదు. కోడ్ అందరికీ ఉచితం. ఏ దేశంవాళ్ళయినా తీసుకుని తమ ఊళ్ళో పెట్టె తయారుచేసుకోవచ్చు. విశాఖలో ఆసుపత్రి వెనక వరస క్వార్టర్లలో కొన్ని కుటుంబాలకి ఇచ్చి పరీక్షిస్తున్నాం. అందులో మా పిన్నిదొకటి.

పిన్ని అంటే నాకు అమ్మే. అమ్మ పోయాక ఆవిడే పెంచింది. ఆ ఇంట్లో నేను విన్న బాబాయి మాటలు చాలా తక్కువ. కాఫీ. తువ్వాలు. తలుపు. అంతకు మించి ఖర్చుపెట్టేవాడు కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చాక, పెట్టె పెట్టాక, నోరు తెరుచుకుంది. దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ "తిన్నావా?" అంటాడు, "నడుంనెప్పి తగ్గిందా?" అంటాడు, "కాసేపు కూర్చో" అంటాడు. పిన్ని నాకు రోజూ ఫోన్ చేసి ఒక్కోమాటా అప్పజెప్పేది. చావు అంచుదాకా వెళ్ళొస్తే మనిషి మారతాడు కాబోలు అనుకుని నేనూ మురిసిపోయాను.

ఇప్పుడు పట్టీని పిడికిట్లో బిగించి పట్టుకుని నిలబడ్డాను. పెట్టె మళ్ళీ పలికింది.

"వాసన బాగా వస్తోంది. చేపల పులుసేనా?"

సంధ్యావందనం చెయ్యకుండా మంచినీళ్ళు ముట్టని మనిషి గొంతుతో చేపల పులుసు! పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈమధ్య అప్పుడప్పుడూ ఇలా అడుగుతున్నారే. మందుల వేడికి నాలిక రుచులు మారతాయిట. ఎవరితోనూ అనకు, బావుండదు" అంది.

కిటికీలోంచి నిజంగానే వాసన వస్తోంది, పక్క క్వార్టర్ నుంచి. నేను బాబాయి వైపు చూశాను. ఆయన నా చేతిలోని పట్టీని చూశాడు, నన్ను చూశాడు, తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

*

పక్క క్వార్టర్లో తాతారావు అనే ఆయన ఉంటాడు. పెదజాలారిపేటలో మరపడవ నడిపేవాడు. ఆయన భార్య నూకరత్నం తలుపు తీసి, నా మెడలో ల్యాబ్ కార్డు చూసి, మొహం మాడ్చుకుంది.

"పెట్టి పట్టుకుపోడానికొచ్చినారా? సోమారం కదా అన్నారు."

"పట్టుకుపోవడానికి కాదమ్మా. ఎలా పనిచేస్తోందో చూద్దామని."

"ఏటి పన్జేత్తాది? మొదట్లో రెండు మూడు మాటలు మాటాడినాడు. పండగెల్లినకాడ్నుంచి ఒక్కటీ నేదు. డాట్రుగారు సూసి, ఈన లోపల నేడు, ఉత్త కళ్ళే తిరుగుతున్నాయంటన్నారు. సోమారం పట్టీ ఇప్పీసి, ఎక్కడో సాకే కాడికి అంపించీమంటన్నారు." చెప్తూ చెప్తూ ముక్కు చీదుకుంది. "నా కూర వాసనకైనా పలుకుతాడేమో అనీసి రోజూ వండుతన్నానమ్మా."

తాతారావు మంచం మా బాబాయి మంచానికి గోడకి అవతలిపక్కన ఉంది. మధ్యలో గోడ, పక్కపక్కనే రెండు కిటికీలు. ఆయన పెట్టె మాత్రం ముందుగదిలో ఇనుప బీరువా మీద ఉంది. పని చేసుకుంటూ ఉంటే వినపడాలని ఆవిడే అక్కడ పెట్టిందట. మనిషి కళ్ళు పైకప్పు మీద తిరుగుతున్నాయి. వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. అదేదో నరాల జబ్బు లక్షణమని డాక్టరు రాసుకుని ఉంటాడు.

నేను కిటికీ దగ్గరికి జరిగాను. "రత్నమ్మా, మీ ఇద్దరికే తెలిసిందేదైనా ఆయన్ని అడగండి" అన్నాను.

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. తర్వాత మొగుడి చెవి దగ్గరకి వంగింది. "ఇదిగో, మన మొదటి పడవ పేరేటి?"

బీరువా మీద పెట్టె కిక్కురుమనలేదు. అప్పుడు కిటికీ అవతల నుంచి, బ్రాహ్మణ గొంతుతో, మా బాబాయి గొంతుతో, వినపడింది.

"గంగాభవాని."

వెంటనే పిన్ని "అమ్మా గంగమ్మతల్లీ" అనడం కూడా వినపడింది. భర్త దేవుణ్ణి తలుచుకున్నాడనుకుని అక్కడ దణ్ణం పెట్టుకుని ఉంటుంది. నూకరత్నం మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ గొంతెవులిది?" అంది. "మా పడవ పేరు ఆడికెలా తెలుసు?"

నేనేం చెప్పాలి? మీ ఆయన లోపలే ఉన్నాడు, ఇన్నాళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ మాటలు గోడ దాటి వస్తుంటే మా పిన్ని వింటోంది అని చెప్పాలి. చెప్పాను. మాటలు వెతుక్కుని, తడబడి, ఎలాగో చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మొగుడి కళ్ళు తుడిచి, "నాకు తెలుసు, ఉన్నావని నాకు తెలుసు" అని ఆయనతోనే అంటూ ఉండిపోయింది. నేను అక్కణ్ణుంచి పరుగులాంటి నడకతో ల్యాబ్‌కి వెళ్ళాను.

*

మా ల్యాబ్‌లో బిల్డ్ చేసే కంప్యూటర్‌ని ముత్తాత అంటాం. అందరూ రాసిన కోడ్ అందులో పడితేనే పెట్టెల్లోకి వెళ్ళే ప్రోగ్రాం బయటికి వస్తుంది. దాని నుదుట ఇంకా దసరా కుంకుమ ఉంది, ఎండిపోయిన బంతిపూవు కూడా.

ఆయుధపూజ మా ల్యాబ్‌లో ఘనంగా చేస్తాం. అందరం గుడ్డలు పట్టుకుని దుమ్ము దులుపుతాం. అంతటితో ఆగం. ముత్తాతని లోపల కూడా తుడిచేస్తాం. పేరుకుపోయిందంతా తీసేసి, ఖాళీ చేసి, కొత్తగా మొదలుపెడతాం. దశమినాడు అందులోంచి వచ్చిన మొదటి బిల్డ్‌నే శుభమని పెట్టెలన్నిటికీ పంపుతాం. "పూజ కాదమ్మా, క్రమశిక్షణ" అంటారు మా ల్యాబ్ పెద్ద భానుమూర్తిగారు. ఏళ్ళుగా సాగుతున్న ఆచారం. ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఈ ఏడాది నుంచి ముత్తాతని చూసుకునేది జిలానీ. నేను లోపలికి వెళ్ళగానే అన్నాను, "జిలానీ, దశమి బిల్డ్‌లో తాళం ఉందా?"

తాళం అంటే మా భాషలో ఒక లైబ్రరీ. ఎవరో నిపుణులు రాసి అందరికీ ఇచ్చిన భద్రత పని. మనం తెచ్చుకుని మన ప్రోగ్రాంలో కలుపుకుంటాం. అది కలిస్తే ప్రతి పట్టీ తన మాట మీద తన ముద్ర వేసి పంపుతుంది. పెట్టె ఆ ముద్ర చూసి తనదైతేనే పలుకుతుంది. అది లేకపోతే గాల్లో తేలే మాటని ఏ పెట్టె ముందు అందుకుంటే అదే పలికేస్తుంది, మిగతావి ఊరుకుంటాయి.

"ఎందుకుండదక్కా?" అన్నాడు జిలానీ. "పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయిగా."

"చూడు."

చూశాడు. ప్రోగ్రాంనే అడిగాడు, నీలో ఏమేం కలిశాయని. అది చెప్పినవాటిలో తాళం లేదు.

"స్క్రిప్ట్ అడిగినవన్నీ నేను పెట్టానక్కా. అది తాళం అడగలేదు. అడగనిది నేనెలా పెడతాను?"

నిజమే, అడగలేదు. పూజకి తుడిచినప్పుడు ముత్తాతలోని తాళం కూడా పోయింది. బిల్డ్ మొదలయ్యేముందు, ఏది ఎలా కలపాలో రాసిన ఆ స్క్రిప్ట్ మెషీన్ అంతా వెతుకుతుంది. తాళం కనపడితే కలుపుకుంటుంది. కనపడకపోతే ఒక్కమాటా అనకుండా అది లేకుండానే కానిచ్చేస్తుంది. తాళాన్ని పరీక్షించే పరీక్షలు కూడా, తాళమే లేదు కదా అని, తమంతట తామే పక్కకి తప్పుకుంటాయి. మిగిలినవన్నీ పాసవుతాయి. తెర పచ్చబడుతుంది. మనం మిఠాయి తింటాం.

గోడకి అటూ ఇటూ జరిగిందంతా చెప్పాను. భానుమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. ఆ స్క్రిప్ట్ ఆయన రాసిందే. "కావాలనే అలా పెట్టానమ్మా. ఎక్కడో కొండల్లో, పాత ఫోన్ బోర్డు మీద 'పలుకు' బిల్డ్ చేసుకునేవాళ్ళున్నారు. ఆ బోర్డులకి తాళం లైబ్రరీ దొరకదు. అది లేదని వాళ్ళకి గొంతే వద్దంటామా?"

"వద్దనొద్దు సార్. తాళం లేకుండా బిల్డ్ చేసుకుంటున్నాం, మాకు తెలుసు అని వాళ్ళ చేత చెప్పించండి. చెప్పినవాళ్ళకి ఇవ్వండి. చెప్పనివాళ్ళ దగ్గర, లేదు అని అరిచి ఆగిపోవాలి కదా. ఎవరినీ అడక్కుండా దానంతట అదే సర్దుకుపోవడమేంటి?"

నా గొంతు పెరిగింది. పెద్దాయన మీద అరుస్తున్నానని తెలుస్తూనే ఉంది, ఆగలేకపోయాను. జిలానీ మధ్యలో వచ్చాడు. "అక్కా, సోమవారందాకా మీ పిన్నిగారి పెట్టె ఆఫ్ చేస్తే సరిపోతుంది కదా?"

"ఇవాళ ఈ గోడ. రేపు ఇంకో గోడ. ఎవరి మాటో చెప్పలేని పెట్టె ఏం పలికితే మాత్రం డాక్టర్లు నమ్ముతారా? అసలు ఏ పెట్టె మాటైనా ఎవరు నమ్ముతారు?"

భానుమూర్తిగారు కళ్ళజోడు పెట్టుకుని, ముత్తాత ముందున్న కుర్చీలో జిలానీని లేపి తాను కూర్చున్నారు. ఎండిన బంతిపూవు తీసి జేబులో వేసుకున్నారు. తాళం తెచ్చి పెట్టారు, స్క్రిప్ట్ తెరిచారు. లేకపోతే ఊరుకో అన్న చోట, లేకపోతే ఆగిపో అని మార్చారు. ఎవరైనా తాళం వద్దనుకుంటే, వద్దు అని వాళ్ళే స్పష్టంగా రాయాలి. తర్వాత ప్రపంచం మొత్తం చూసే మా పేజీలో, దశమి బిల్డ్ వాడకండి, తప్పు మాది అని తన పేరు కింద రాశారు. నాకు ఆయన మీద కోపం పోయింది.

కొత్త బిల్డ్ చేతికొచ్చేసరికి నాకు అసలు కష్టం గుర్తొచ్చింది. పెట్టెలకి దీన్ని దూరం నుంచి పంపితే చాలదు. ఆ ఇంటివాళ్ళు సరేనని పెట్టె మీద బొటనవేలు ఆనిస్తేనే మారుతుంది. పిన్ని పెట్టె మారనంతకాలం అది తాతారావు మాటలు ఎత్తుకుంటూనే ఉంటుంది. మారితే, ఆ ఇల్లు మళ్ళీ మూగబోతుంది.

*

ఆదివారం పొద్దున్న వెళ్ళేసరికి పిన్ని కొత్త పసుపు చీర కట్టుకుని ఉంది. బాబాయికి జావ తాగిస్తోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. చెంచా గిన్నెలో పెట్టి, గిన్నె కింద పెట్టి, నావైపు తిరిగింది.

"నీకెవరు చెప్పమన్నారే?" అంది.

"పిన్నీ..."

"నాకు తెలీదనుకున్నావా? చేపలు అడిగిననాడే తెలుసు. ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసిన మనిషినే నేను. ఆయన మాట ఏదో, కానిదేదో నాకు తెలీదూ? తెలిసే ఊరుకున్నాను. నడుం ఎలా ఉంది అని అడిగినవాడు నాకు జన్మలో లేడు. అడిగితే ఎలా ఉంటుందో చూశాను. అదీ తప్పేనా?"

నాకు ఏడుపొచ్చింది. తప్పు కాదు పిన్నీ అన్నాను. తప్పు కాదంటూనే, సోమవారం అవతలాయన్ని ఎక్కడికి పంపుతారో చెప్పాను. పిన్ని మొహం తిప్పుకుంది. పెట్టెని స్టూలు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వారం ఆగు. అంతకన్నా అడగను" అంది.

అప్పుడే తలుపు దగ్గర నూకరత్నం కనపడింది. జగడానికి వచ్చిందనుకుని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆవిడ గుమ్మం అవతలే ఆగింది.

"అమ్మగారూ, ఒక్క మాట. మా ఆయన ఇన్నాళ్ళూ ఏటేటి మాటాడినాడో సెప్తారా? నాను ఇనలేదు గదా."

పిన్ని ఒళ్ళోని పెట్టెని చూసుకుంది. "లోపలికి రామ్మా" అంది. ఆవిడ వచ్చి నేల మీద కూర్చుంది. పిన్ని మంచం పట్టె మీంచి దిగి ఎదురుగా తనూ నేలమీదే కూర్చుంది.

"రోజూ పొద్దున్నే లేచావా అనేవారు" అని మొదలుపెట్టింది. "అన్నం వేళకి తిన్నావా అనేవారు. నడుంనెప్పి తగ్గిందా అని..."

"వల లాగి లాగి నాకు నడుమంతా నొప్పేనమ్మా."

"ఎంతసేపని నిలబడతావు, కాసేపు కూర్చో అనేవారు. ఒకసారి ఎందుకో బాగా కోపం వచ్చినట్టుంది, వీళ్ళకి నా మాట ఎందుకు వినపడదు అన్నారు. నేను వింటున్నానండీ అన్నాను." పిన్ని తన చెంగు అంచు సవరించుకుంది. "ఇంకో రోజు, పసుపు చీరలో బావున్నావు అన్నారు. నాకు పసుపు చీర లేదమ్మా. ఆ మర్నాడు కొనుక్కున్నాను."

నూకరత్నం తన ఒంటి మీది చీర వైపు చూసుకుంది. వెలిసిపోయిన పసుపు నేతచీర అది. ఇద్దరూ ఒకరి చీర ఒకరు చూసుకున్నారు. నూకరత్నం చెయ్యి చాచి పిన్ని మోకాలి మీద వేసింది. మడి, ఆచారం అనే మా పిన్ని ఆ చేతిని తన చేత్తో కప్పింది.

తర్వాత ఒళ్ళోని పెట్టె మీద తనే బొటనవేలు ఆనించింది. "మార్చెయ్యవే" అంది నాతో.

*

రెండిళ్ళలో పెట్టెల్లోకీ పట్టీల్లోకీ కొత్త బిల్డ్ ఎక్కించాను. పెట్టె మీది చిన్న దీపం ఆరి, వెలిగి, నిలబడింది. బాబాయి మెడకి పట్టీ అంటించి, పిన్ని పక్కన నిలబడ్డాను.

గోడ అవతల నుంచి ఒక గొంతు వినపడింది. బొంగురు గొంతు, సముద్రం మీద అరిచి అరిచి అరిగిన గొంతు. అంతకుముందు మేమెవరమూ అలాంటి గొంతు వినలేదు.

"రత్నం, తిన్నావా?"

నూకరత్నం పెట్టిన కేక వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ వినపడి ఉంటుంది. తర్వాత ఏడుపో నవ్వో తెలీని చప్పుడు. ఆపైన మాట మీద మాట, మాట మీద మాట. సోమవారం డాక్టర్ల సంగతి ఇక నాకు బెంగలేదు. కానీ ఇవతల మా గదిలో పెట్టె అలాగే ఉంది. పిన్ని దాన్నే చూస్తోంది. అవతల ఒక్కో మాట వినపడినప్పుడల్లా ఆవిడ మొహం కొంచెం కొంచెం వాడిపోతోంది. ఏం పని చేశానురా భగవంతుడా అనుకున్నాను.

"అవి నావి కావు."

పెట్టె పలికింది. పొడిగా, తువ్వాలు అని అడిగినట్టుగా. పిన్ని ఉలిక్కిపడింది. బాబాయి కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి.

"తెలుసండీ" అంది పిన్ని.

"మొదటిరోజే చెబుదామనుకున్నాను. నీ మొహం చూసి మానుకున్నాను."

నోట్లో మాట పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నాడో అప్పటికి అర్థమైంది. తను నోరు తెరిస్తే ఆవిడకి ఆ మాటలు దొంగవని తెలిసిపోతుందని, ఉన్న ఒక్క గొంతునీ మరొకడికి వదిలేసి పడుకున్నాడు. పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అవతల నూకరత్నం పొయ్యి మీద మూత తీసినట్టుంది, కిటికీలోంచి ఘాటు గుప్పున వచ్చింది.

"రాజ్యం" అంది పెట్టె. ఆయన ఆవిడని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు.

"ఏమండీ?"

"చేపలు మాత్రం వద్దు."

పిన్ని ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆయనే హైమా. ఇది మా ఆయనే" అంది నన్ను కుదిపేస్తూ. తర్వాత పెట్టెని తీసి మంచం మీద బాబాయి పక్కన పెట్టింది. ఖాళీ అయిన స్టూలు మంచం దగ్గరికి లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది.